గడియారాలు కలపడం, కదలకుండా ఉండడం: మాటల్లో దాగిన ‘దేనికి?’

సందేహం: సాపేక్ష సిద్ధాంతం మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. దూరదూరంగా ఉన్న గడియారాలను ఒకే సమయానికి తేవడాన్ని ‘సమకాలీకరణ’ అనాలా, ‘ఏకకాలికత’ అనాలా? ‘పరమ విరామం’, ‘నిరపేక్ష నిశ్చలత’ – ఈ రెండింటిలో ఏది మేలు? మరో సంగతి. ‘కాంతితో గడియారాలు కలిపే పద్ధతి నిజంగా కదలకుండా ఉన్నవాడికే చెల్లుతుంది, కాబట్టి నిరపేక్ష నిశ్చలత ఉందని ఐన్‌స్టీన్ ఒప్పుకున్నట్టే’ అని మిత్రుడి వాదన. ‘సాపేక్షంలో నిశ్చలత అనేదే లేదు’ అని నా వాదన. ఎవరి వాక్యం సరైనది?

సమాధానం: రెండు వాక్యాల్లోనూ ఒక్కో మాట లోపించింది. దాని దగ్గరికి వచ్చే ముందు మీ మొదటి ప్రశ్న.

‘సమకాలీకరణ’, ‘ఏకకాలికత’ పర్యాయపదాలు కావు. మొదటిది గడియారాలకు మనం చేసే పని. రెండోది సంఘటనల మధ్య ఉండే సంబంధం. గడియారాలను సమకాలీకరిస్తాం, రెండు పిడుగులు ఏకకాలంలో పడతాయి. పిడుగులను ఎవరూ సమకాలీకరించరు. ‘సమకాలికత’ అని కూడా కొందరు రాస్తున్నారు గానీ, తెలుగు పాఠకుడికి సమకాలికులు అనగానే ఒకే కాలంలో బతికిన మనుషులు గుర్తొస్తారు. ఆ మాటను వాళ్లకే వదిలేయడం మంచిది.

‘సమకాలీకరణ’లోని ‘ఈ’కారాన్ని కాస్త దగ్గరగా చూడండి. సమకాల, కరణ అనే రెండు మాటల నడుమ అది ఎక్కడి నుంచి వచ్చింది? సంస్కృత వ్యాకరణంలో చ్వి అనే ప్రత్యయం ఉంది. అది తాను పూర్తిగా లోపించి, ముందున్న అకారాన్ని ఈకారం చేసి పోతుంది. స్థిరీకరణ, ఏకీకరణ, నవీకరణ అన్నీ ఈ కోవలోవే. దాని అర్థాన్ని వ్యాకర్తలు ‘అభూతతద్భావం’ అన్నారు: అంతవరకు అలా లేనిది అలా కావడం. ‘శుక్లీకరణ’ అంటే తెల్లగా లేనిదాన్ని తెల్లగా చేయడం. అప్పటికే తెల్లగా ఉన్నదాని విషయంలో ఈ మాటకు పనిలేదు. అంటే సమకాలీకరణ అన్నప్పుడు, ఎక్కడో సిద్ధంగా ఉన్న సమకాలాన్ని కనిపెట్టామని కాదు, మనం కలిగించామని చెప్తున్నాం. భౌతికశాస్త్రం అడిగేదీ సరిగ్గా ఇదే.

ఐన్‌స్టీన్ 1905 నాటి వ్యాసంలో చెప్పిన పద్ధతి చూడండి. ‘క’ దగ్గర ఒక గడియారం, ‘చ’ దగ్గర మరొకటి, చ దగ్గరే ఒక అద్దం. క నుంచి కాంతిని వదిలినప్పుడు క గడియారం ఎంత చూపిస్తోందో రాసుకోవాలి. కాంతి అద్దాన్ని తాకినప్పుడు చ గడియారం ఎంత చూపిస్తోందో అక్కడున్నవాళ్లు రాసుకోవాలి. కాంతి తిరిగొచ్చినప్పుడు మళ్లీ క గడియారం చూడాలి. చ దగ్గర రాసుకున్న అంకె, క దగ్గరి రెండు అంకెలకు సరిగ్గా నడుమ పడితే గడియారాలు కలిసినట్టు. వాటి మధ్య దూరం సుమారు 300 మీటర్లనుకుంటే, కాంతికి రానూపోనూ 2 మైక్రోసెకన్లు పడుతుంది. క లో 0 దగ్గర బయలుదేరి 2 దగ్గర తిరిగొచ్చింది, చ మాత్రం 1.3 చూపించింది అనుకోండి. నడుమ పడవలసింది 1. చ గడియారాన్ని 0.3 మైక్రోసెకను వెనక్కి తిప్పితే పని పూర్తవుతుంది. దూరం ఎంతో తెలియకపోయినా ఇది సాగుతుంది.

‘నడుమ’ ఎందుకు? పోకకు ఎంత పట్టిందో రాకకూ అంతే పట్టిందని అనుకున్నాం కాబట్టి. రానూపోనూ 2 మైక్రోసెకన్లన్నది క దగ్గరున్న ఒక్క గడియారంతో కొలిచిన సంగతి. ఒక్క పోకకు ఎంత పట్టిందో కొలవాలంటే చ దగ్గర కూడా, అప్పటికే క తో కలిసిన గడియారం ఉండాలి. గడియారాలు కలపడానికి పోక కాలం తెలియాలి, పోక కాలం తెలియడానికి గడియారాలు కలిసి ఉండాలి. ఈ చిక్కుముడిని ఫ్రెంచి గణితవేత్త పోంకారే 1898లోనే ఎత్తి చూపాడు. ఐన్‌స్టీన్ దాన్ని నిర్వచనంతో తెంచాడు. 1920లలో జర్మన్ తత్త్వవేత్త రైఖెన్‌బాఖ్ ఇంకో అడుగు వేసి, ఆ నడిమి బిందువుకు బదులు 0కీ 1కీ మధ్య ఏ భిన్నాన్ని తీసుకున్నా చెల్లుతుందన్నాడు. పోకకు 0.8, రాకకు 1.2 అని పెట్టుకుంటే సూత్రాలు వికారమవుతాయి గానీ ఏ ప్రయోగమూ తప్పని పట్టుకోదు. సగం తీసుకుంటే సూత్రాలన్నీ అన్ని దిక్కులకూ ఒకేలా ఉంటాయి. ఆ ఎంపికకు ఉన్న బలం అదే.

‘రెండు గడియారాలనూ క దగ్గరే కలిపి, ఒకదాన్ని నెమ్మదిగా చ దగ్గరికి మోసుకుపోతే సరిపోదా?’ అని అడిగేవాళ్లుంటారు. సరిపోతుంది, కాంతి పద్ధతితోనూ ఏకీభవిస్తుంది. సెకనుకు 1 మీటరు చొప్పున 300 మీటర్లు మోస్తే, కదలిక వల్ల వచ్చే వెనుకబాటు సెకనులో కోటి కోట్లవ వంతు కంటే కూడా చాలా తక్కువ. ఇంకా నెమ్మదిగా మోస్తే ఇంకా తగ్గుతుంది. కానీ మోసుకుపోయేటప్పుడు గడియారం ఇంతకుమించి తేడా పడలేదని తేల్చే లెక్కలోనే ఆ ‘సగం’ మళ్లీ కూర్చుని ఉంటుంది. దీని మీద తత్త్వశాస్త్రజ్ఞుల వాదోపవాదాలు ఇప్పటికీ సాగుతున్నాయి.

‘సగం’ లాంటి, మనమే ఎంచుకుని ఒప్పుకున్న నియమాన్ని ఇంగ్లీషులో కన్వెన్షన్ అంటారు. దానికి ‘సంప్రదాయం’ అనే మాట వాడకండి. పాఠకుడు పెద్దల నుంచి వచ్చిన ఆచారం అనుకుంటాడు. శాస్త్రాల్లో దీనికి ‘సంకేతం’ అనే చక్కని మాట ఉంది గానీ, అదే వాక్యంలో ‘కాంతి సంకేతం’ కూడా వస్తుంది, రెండూ కలిసిపోతాయి. ‘ఏర్పాటు’ అనండి. మనుషులు కూర్చుని చేసుకున్నది అని ఆ మాటే చెప్తుంది.

విభక్తులు కూడా చూసుకోవాలి. ‘చ గడియారాన్ని క గడియారానికి కలిపారు’ అంటే క యజమాని, చ అనుచరి. తిప్పిన గడియారం ఒక్కటే కాబట్టి పని వరకు ఆ వాక్యం నిజమే. పని అయ్యాక ఉన్న స్థితిలో మాత్రం పెద్దాచిన్నా లేదు: క తో చ కలిస్తే చ తో క కలిసినట్టే. కాబట్టి స్థితిని చెప్పేటప్పుడు ‘కు’ వదిలి ‘తో’ పట్టుకోండి: ‘రెండు గడియారాలూ ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయి.’

తెలుగులో రాసేవారిని అన్నిటికంటే ఎక్కువగా ముంచే మాటలు ‘ముందు’, ‘వెనక’. చోటుకూ అవే, కాలానికీ అవే. ఒక రైలు రెండు కొసల్లో రెండు గడియారాలను రైలులోనివాళ్లు పై పద్ధతిలో కలుపుకున్నారు. నేల మీద ఉన్నవాళ్ల లెక్క ప్రకారం అవి కలవలేదు. తేడా ఎంతంటే, రైలు వేగాన్ని రైలు పొడవుతో గుణించి కాంతి వేగపు వర్గంతో భాగించినంత. 300 మీటర్ల రైలు సెకనుకు 30 మీటర్ల వేగంతో, అంటే గంటకు 108 కిలోమీటర్లతో పోతుంటే, ఆ తేడా సెకనులో పది లక్షల కోట్లవ వంతు. ఏ గడియారం ఎక్కువ చూపిస్తుంది? ‘వెనక గడియారం ముందుంటుంది’ అని రాస్తే వాక్యం తప్పు కాదు, కానీ ఒక్క పాఠకుడికీ అర్థం కాదు. ‘నేల లెక్కలో, తోక వైపు గడియారం ఇంజిన్ వైపు గడియారం కంటే ఎక్కువ చూపిస్తుంది’ అని రాయండి. ‘ఫాస్టు’, ‘స్లో’ కూడా వద్దు. గడియారం ఐదు నిమిషాలు ఫాస్టు అంటే అది ఎక్కువ చూపిస్తోందని అర్థం కావచ్చు, తొందరగా నడుస్తోందని కావచ్చు. సమకాలీకరణలో వచ్చే తేడా మొదటి రకం. కదిలే గడియారం నెమ్మదించడం రెండో రకం. ఈ రెండూ కలగలిసిపోవడం వల్లే చాలా వాదనలు తెగవు.

అలాగే ‘కనిపించు’ అనే క్రియ. ‘రైలులోని వ్యక్తికి ఇంజిన్ వైపు పిడుగు ముందుగా కనిపిస్తుంది’ అనే వాక్యం నిజమే కావచ్చు, కానీ ఏకకాలికత గురించి అది ఏమీ తేల్చదు. దగ్గరి పిడుగు ఎవరికైనా ముందే కనిపిస్తుంది. కాంతి ప్రయాణానికి పట్టిన కాలాన్ని తీసివేశాక కూడా మిగిలే తేడాయే సాపేక్ష సిద్ధాంతం చెప్పేది. అందుకే ‘చూశాడు’ అనవలసిన చోట చాలాసార్లు ‘లెక్కగట్టాడు’ అనాలి.

ఇక నిశ్చలత. ‘పరమ విరామం’ నాకు నచ్చదు. పరమ ఉష్ణోగ్రత, విరామ ద్రవ్యరాశి అని విడివిడిగా పాఠ్యపుస్తకాల్లో నిలదొక్కుకున్నాయి, వాటికి అభ్యంతరం లేదు. రెండింటినీ జతచేస్తే మాత్రం శాశ్వత విశ్రాంతి అనే ధ్వని వస్తుంది. ‘స్థిరం’ కూడా పనికిరాదు. కాంతి వేగం స్థిరం అని ఆ మాటను అప్పటికే మరో పనిలో పెట్టాం. ‘నిరపేక్ష నిశ్చలత’ మేలు. అపేక్షతో కూడినది సాపేక్షం, అపేక్ష లేనిది నిరపేక్షం: జోడీ కుదిరింది. వాడుకలో అపేక్ష అంటే కోరిక కాబట్టి మొదటిసారి వాడినప్పుడు ‘దేనితోనూ పోల్చకుండానే చెప్పగల నిశ్చలత’ అని ఒక్క ముక్క చేర్చండి.

ఆ అపేక్షలోనే మీ వాదనకు సమాధానం ఉంది. ‘నల్లని’ అనే మాట తనంతట తాను నిలబడుతుంది. ‘తండ్రి’ అనగానే ‘ఎవరికి?’ అనే ప్రశ్న లేస్తుంది. తండ్రి, గురువు లాంటి వాటిని వ్యాకర్తలు సంబంధి శబ్దాలన్నారు, నిత్యసాపేక్షాలన్నారు. మామూలుగా బయటి పదం కోసం చూసే మాట సమాసంలో ఇమడదు. కానీ ‘దేవదత్తుడి గురుకులం’ అంటే చెల్లుతుంది. ‘దేవదత్తుడి’ అన్నది కులానికి కాక గురువుకు అతుకుతుంది. అయినా అర్థం చెడదు, ఎందుకంటే ‘ఎవరి’ అనే అపేక్ష గురువు అనే మాటకు పుట్టుకతోనే ఉంది. న్యూటన్ భౌతికశాస్త్రంలో ‘నిశ్చలం’ నల్లని లాంటి మాట కాగలదు, ‘ఏకకాలికం’ తప్పకుండా అలాంటిదే. సాపేక్ష సిద్ధాంతంలో రెండూ తండ్రి లాంటి మాటలు. ‘రైలు చట్రంలో ఏకకాలికం’, ‘ప్లాట్‌ఫాం దృష్ట్యా నిశ్చలం’ – ముందున్న ఆ మాట లేకపోతే వాక్యం సగంలో ఆగినట్టే. (చట్రం అంటే చోటునూ కాలాన్నీ కొలవడానికి ఆధారంగా పెట్టుకున్న కొలబద్దలు, గడియారాల అమరిక.)

మీ మిత్రుడి వాక్యం సంగతి. కాంతి పద్ధతికి కావలసింది, క, చ ఒకదాని దృష్ట్యా ఒకటి కదలకుండా ఉండడం, వాటి చట్రం జడత్వ చట్రం, అంటే వేగం మారకుండా, తిరగకుండా సాగే చట్రం కావడం. అంతే. రైలులోనివాళ్లు ఆ పద్ధతి వాడితే వాళ్ల లెక్కలో ఎక్కడా పొరపాటు రాదు. నేలవాళ్లు ‘మీ గడియారాలు కలవలేదు’ అంటే, రైలువాళ్లూ అదే సూత్రంతో ‘కలవనివి మీవే’ అంటారు. ఎవరు నిజంగా కదలడం లేదో తేల్చే గుర్తు ఆ పద్ధతిలో లేదు. 1905 వ్యాసంలో ఒక చట్రాన్ని ‘నిశ్చల వ్యవస్థ’ అన్నమాట నిజమే. మిత్రుడు పట్టుకున్నది బహుశా దాన్నే. కానీ ఆ పేరు మిగతావాటి నుంచి మాటలో వేరుచేయడం కోసం పెట్టిందని అక్కడే చెప్పి ఉంది.

చట్రం తిరుగుతుంటే మాత్రం పద్ధతి చెడుతుంది. భూమధ్యరేఖ పొడవునా గడియారాలు పేర్చి, పక్కదానితో పక్కదాన్ని కలుపుకుంటూ చుట్టి వస్తే, చివరి గడియారం మొదటిదానితో 207 నానోసెకన్లు తేడా చూపిస్తుంది. అందుకే జీపీఎస్ గడియారాలను భూమితో పాటు తిరగని, భూకేంద్రాన్ని ఆధారం చేసుకున్న చట్రంలో కలుపుతారు. దాన్ని నిరపేక్ష నిశ్చలతకు రుజువుగా చూపేవాళ్లున్నారు. అది రుజువు కాదు, సౌకర్యం కోసం ఎంచుకున్న చట్రం. భ్రమణాన్ని బయటి గుర్తులు లేకుండానే పసిగట్టగలం. సమవేగంతో సరళరేఖలో సాగే చలనాన్ని పసిగట్టలేం. విశ్వమంతా నిండిన సూక్ష్మతరంగ నేపథ్య వికిరణం దృష్ట్యా సూర్యుడు సెకనుకు సుమారు 370 కిలోమీటర్లు పోతున్నాడు. ఆ వాక్యంలోనూ ‘దృష్ట్యా’ ఉంది గమనించండి.

మీ వాక్యానికీ ఒక దిద్దుబాటు ఉంది. ‘నిశ్చలత అనేదే లేదు’ అంటే ఎక్కువ చెప్పినట్టు. టేబుల్ దృష్ట్యా పుస్తకం నిశ్చలంగానే ఉంది. లేనిదల్లా ‘నిరపేక్ష’ అనే విశేషణానికి పని. పైగా తెలుగులో లేదు, కాదు, తెలియదు, అక్కర్లేదు – నాలుగూ నాలుగు రకాల నిరాకరణలు. డచ్ భౌతికశాస్త్రవేత్త లోరెంట్జ్, కాంతి ప్రయాణానికి ఆధారమని అనుకున్న ఈథర్ అనే నిశ్చల మాధ్యమాన్ని వదల్లేదు. అందులో కదిలే వస్తువుల కురచదనం, వాటి ‘స్థానిక కాలం’ కలిసి ఆ కదలికను దాచేస్తాయని చెప్పాడు. ఆ చూపులో నిరపేక్ష నిశ్చలత ఉంటుంది, ఎక్కడుందో తెలియదు. ఈథర్ దృష్ట్యా భూమి కదలిక కోసం 1887లో మైకెల్సన్, మోర్లే ప్రయోగం చేసి వెతికినా దొరకలేదు. ఐన్‌స్టీన్ వాడిన మాట ‘అనవసరం’ అనే అర్థమిచ్చేది. ఈ రెండు దారులూ ప్రయోగాలకు ఒకే అంకెలు ఇస్తాయి కాబట్టి, గడియారాలు కలపడం మీద ఎంత వాదించినా ‘ఉంది’, ‘లేదు’ అనే క్రియలు తేలవు.

కాబట్టి మీ వ్యాసంలో ఇలా రాయండి: ‘సాపేక్ష సిద్ధాంతానికి నిరపేక్ష నిశ్చలత అక్కర్లేదు, ఒక జడత్వ చట్రం దృష్ట్యా నిశ్చలంగా ఉన్న గడియారాలను ఆ చట్రంలో సమకాలీకరిస్తే చాలు.’