ఊరంతా మనింటికే వస్తే మన ఏడాది ఎప్పుడు?

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి, కొర్లగుంట. మా ఆయనది ప్రైవేట్ ఉద్యోగం, నేను ఇంట్లోనే జాకెట్లు కుడతా, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ కూడా మాతోనే ఉంటారు. ప్రతి డిసెంబర్లో హైదరాబాద్‌లో ఉండే మా తోడికోడలు ఫ్యామిలీ గ్రూప్‌లో ఏడాది ఫోటోలన్నీ వరసగా పెడతాది, కాశ్మీర్ పోయింది, కొత్త కారు, పాప డ్యాన్స్ ప్రోగ్రామ్, అన్నీ పెట్టి కింద "మరి మీ సంగతేంటి?" అని అడుగుతాది. నా ఫోన్ తీస్తే ఏముంది, గుండ్లు కొట్టించుకోనొచ్చిన చుట్టాలు మా గేటు ముందర నిలబడిన ఫోటోలే. "అమ్మా, మన ఆల్బమ్ అంతా గుండ్లే" అని మా పాప ఒకటే నవ్వు. వాళ్ళకి తెల్లారుజామున లేచి పులిహోర కట్టియ్యడం, కొండ దిగొచ్చాక మళ్ళీ వంట, గంధం మరకలు పడ్డ దిండు గలీబులు ఉతుక్కోవడం, ఇంతే నా ఏడాది. మేం మాత్రం యాడికీ పోలా. వచ్చే మార్చిలో పాపకి పదో తరగతి పరీక్షలు, బాబు ఆరు. చుట్టాల్ని రావద్దని అనలేం, డబ్బులు చూస్తే అంతంతే. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: చెల్లీ, తిరుపతిలో కాపురం ఉండేవాళ్ళందరి బాధా ఇదే, నీ ఒక్కదానిది కాదు. ముందు ఆ గలీబుల సంగతి చెప్తా. కొండకి వచ్చే చుట్టాల కోసం రెండు ముదురు రంగు పాత దుప్పట్లు, నాలుగు గలీబులు విడిగా తీసిపెట్టుకో, గుండ్లోళ్ళకి అవే ఇవ్వు. నవ్వకు, సగం చిరాకు ఆ ఉతుకుడు దగ్గరే పుడతాది.

ఇంక అసలు విషయం. చుట్టాలు వాళ్ళకి దర్శనం టికెట్ దొరికిన రోజు వస్తారు, నీకు వీలైన రోజు రారు. 300 రూపాయల టికెట్లు దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో పెడతారు కదా, అంటే వాళ్ళకి మూడు నెలల ముందే తెలుసు, నీకు మాత్రం రైలెక్కాక ఫోన్ చేస్తారు! ఈ ఒక్కటి మార్చు. జనవరిలోనే గ్రూప్‌లో పెట్టేయ్, "టికెట్ బుక్ కాగానే మాకు తేదీ చెప్పండి, ఫలానా రోజుల్లో మేం ఇంట్లో ఉండం, మార్చిలో పాప పరీక్షలు కాబట్టి ఎవరూ రావద్దు" అని. పదో తరగతి పేరు చెప్తే మన తెలుగోళ్ళల్లో ఎంత దగ్గర చుట్టమైనా నోరు మూసుకుంటాడు, ఆ అవకాశం వాడుకో. అయినా వస్తామన్నోళ్ళకి బస్టాండ్ ఎదురుగా శ్రీనివాసం ఉంది, రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం ఉంది, రెండూ టీటీడీవే, రూముకి అక్కడ ప్రయత్నించమని చెప్పు. ఒక పూట భోజనానికి పిలువు చాలు, మర్యాద ఏం తగ్గదు. ఇది మీ ఆయన చేత చెప్పిస్తే మేలు, ఎందుకంటే వచ్చేవాళ్ళల్లో ఎక్కువమంది ఆయన వైపు వాళ్ళే అయ్యుంటారని నా అనుమానం.

ఇప్పుడు మీ రోజులు. కాశ్మీర్ లేకపోతే పోనీ, మనకి చుట్టుపక్కల ఏం తక్కువ? బాబు ఆరో తరగతి అంటున్నావు కదా, వాడికి ఒక్కసారి రాకెట్ చూపించు. శ్రీహరికోటలో ఇస్రో రాకెట్లు ప్రయోగించే కేంద్రం షార్‌లో 2019 నుంచి జనం కూర్చుని చూసేదానికి గ్యాలరీ కట్టారు, ఐదు వేల మంది పడతారు, ఇస్రో వెబ్‌సైట్లో పేర్లు నమోదు చేసుకోవాలి, ప్రయోగానికి కొన్ని రోజుల ముందు లింక్ తెరుస్తారు, తొందరగానే నిండిపోతాది కాబట్టి వార్తలు చూస్తా ఉండు. 2025 జనవరి 29న అక్కడి నుంచి వందో ప్రయోగం చేశారు, అది పొద్దున ఆరున్నర లోపే అయిపోయింది, అంటే మనోళ్ళు అర్ధరాత్రే లేవాలి. దర్శనాలకి లేచే అలవాటు ఉండే ఇల్లే కదా మీది, కష్టమేం కాదు. ఒక్కోసారి వాయిదా పడతాది, అది పిల్లోడికి ముందే చెప్పి పెట్టు లేకపోతే ఇల్లు పీకి పందిరేస్తాడు. చలికాలంలో ప్రయోగం పడిందంటే ఇంకా మంచిది, అదే దారిలో పులికాట్ దగ్గర ఫ్లెమింగోలు, నేలపట్టులో గూడబాతులు ఉంటాయి, ఒకే ఖర్చుతో రెండూ అయిపోతాయి.

పాపకి పరీక్షలైపోయాక చంద్రగిరి కోటకి తీసకపో. పక్కనే ఉండే ఊరు, అయినా తిరుపతోళ్ళల్లో సగం మంది బస్సులోంచి చూసిందే తప్ప లోపలికి పోలేదు. రాజమహల్లో కట్టె అన్నది వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే అంతస్తులు లేపారు, పైకప్పు కింద నిలబడి తల ఎత్తి చూడమను. ఎప్పుడు పోయినా శుక్రవారం మాత్రం పెట్టుకోవద్దు, అక్కడి మ్యూజియం మూసి ఉంటాది. మే నెలలో గంగమ్మ జాతర వారం మటుకు ఎవరేమన్నా మీదే. చాటింపు వేశాక ఊరు దాటకూడదంటారు కదా, అదే వంక పెట్టుకుని ఇంట్లోనే ఉండండి, బాబుకి జాతరలో అందరూ వేసే బైరాగి వేషమో బండ వేషమో వేయించండి, బండ వేషంలో బూతులు తిట్టినా ఎవరూ ఏమీ అనరు కాబట్టి వాడికి ఏడాదిలో అంతకంటే మంచిరోజు ఉండదు. మీ అత్తమ్మని కూర్చోబెట్టి ఆమె చిన్నప్పటి జాతర ఎట్లా ఉండేదో అడిగి ఫోన్లో రికార్డ్ చేసుకో, ఆమె మాట్లాడేటప్పుడు మధ్యలో అడ్డం రావద్దు. నవంబర్ వానల్లో కపిలతీర్థం జలపాతం పోటెత్తినప్పుడు ఒక సాయంత్రం, కార్తీకంలో తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాలకి ఒక సాయంత్రం. ఆ ఉత్సవాల ఆఖర్న పంచమి తీర్థం రోజు కొండ మీద నుంచి సారె ఏనుగు మీద వస్తాది చూడు, అది చూసేదానికి వేరే ఊర్ల నుంచి వస్తారు, మనకి ఆటో దూరం.

దర్శనం మీకు కూడా కావాలంటే, తిరుపతి ఆధార్ ఉండే స్థానికులకి నెలలో మొదటి మంగళవారం దర్శనం 2024 డిసెంబర్ నుంచి మళ్ళీ పెట్టారు. ఈసారి టోకెన్ తీసుకుని, ఎవరికీ గైడ్ పని చేయకుండా మీ నలుగురూ, అత్తమ్మా పోయి రండి.

ఇంక మీ తోడికోడలు "మరి మీ సంగతేంటి?" అని అడుగుతాది అన్నావు కదా. పండగ ఫోటోలు కాదు, నువ్వు కుట్టిన జాకెట్ల గుట్ట ఫోటో పెట్టు. పాప లెక్కల నోట్సు, అత్తమ్మ మామిడికాయ ఊరగాయ కలిపే చేతులు, ఆ గుండ్ల ఫోటోలు కూడా ఒక వరసగా పెట్టి "మా ఇంటి ఆతిథ్యం" అని రాయి, ఆమెకి నవ్వు ఆగదు. వాళ్ళూ మీ ఇంట్లో దిగి ఉంటారు కదా, వాళ్ళ గుండ్లు కూడా ఉంటాయి అందులో, వెతుకు.

ప్రశ్న: మేడం, మాది చిత్తూరు. మా బాబుకి పదకొండో నెల నడుస్తా ఉంది. పుట్టెంట్రుకలు కాణిపాకంలో తీయిద్దామని మా నాన్న, తిరుమలలోనే అని మా మామగారు, ఇద్దరూ పట్టు వదలడం లేదు. ఏడాది దాటనిద్దామా?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: మొక్కు ఎవరు మొక్కారో ముందు అది తేల్చండి, పిల్లోడి తల మీద వెంట్రుకలు ఒక్కసారే కదా తీసేది! నాకైతే మీ మామగారి మాటే ఇప్పుడు తొందరగా చేయాల్సింది అనిపిస్తా ఉంది, కారణం భక్తి కాదు. ఏడాది లోపు పిల్లలున్న తల్లిదండ్రులకి తిరుమలలో సుపథం అనే ప్రవేశ మార్గం వైపు నుంచి ప్రత్యేకంగా పంపిస్తారు, పిల్లోడి పుట్టిన సర్టిఫికెట్, మీ ఇద్దరి ఆధార్ పెట్టుకోండి. ఏడాది దాటితే చంటోడిని ఎత్తుకుని మామూలు క్యూలో గంటలు గంటలు నిలబడాలి. కళ్యాణకట్టలో గుండుకి డబ్బులు తీసుకోరు, అడిగినా ఇవ్వొద్దు. కాణిపాకం మీకు పక్కనే, పుట్టినరోజు నాడు పోయి అభిషేకం చేయించండి, మీ నాన్నని ఆ రోజు పెద్దగా ముందు నిలబెట్టండి. వినాయక చవితి బ్రహ్మోత్సవాల్లో మాత్రం పెట్టుకోవద్దు, ఇరవై ఒక్క రోజులూ చంటిపిల్లలతో తిరిగే రద్దీ కాదు అది.