సెకండ్ హ్యాండ్ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బండి మీద హనుమకొండ నుంచి లేహ్ పోవాలంటే 40 వేలు దేనికి పెట్టాలె?

తమ్మీ, నీ బండి 2019 మోడల్, 38 వేల కిలోమీటర్లు తిరిగింది, జూన్ల లేహ్ పోతా అంటున్నవ్, చేతిల 40 వేలు ఉన్నయ్, సైలెన్సర్ ముందు కొనాల్నా, లైట్లా, ఇనుప పెట్టెలా అని అడిగినవ్. నేను గదే 411 కాజీపేటల పెట్టుకొని ఏండ్ల సంది నడుపుతున్న, లదాఖ్ కూడ దాని మీదనే పోయొచ్చిన. అందుకే సూటిగ చెప్తున్న, నువ్వు చెప్పిన మూడిట్ల ఒక్కటి కూడ ముందు కొనకు. ఫస్ట్ బండిల అరిగిపోయేటియి కొత్తగ చేయించు, మిగిలిన పైసల్తోని వేరేటియి చూద్దువు. ఇంకోటి, ఏది మార్పిచ్చినా బయల్దేరే నెల ముందు మార్పియ్యి, మార్చినంక ఇక్కడ్నే మంచిగ తిప్పు.

మొదలు కోన్ సెట్, అంటె హ్యాండిల్ తిరిగే కాడ ఉండే బేరింగులు చూడు. మన రోడ్లకు 411 ల ఇది తొందరగ పోతది. సెంటర్ స్టాండ్ వేసి ఎనకాల ఎవర్నన్న క్యారియర్ మీద వత్తమను, ముందు చక్రం గాల్లకు లేస్తది. ఇగ హ్యాండిల్‌ని రెండు వేళ్లతోని పట్టుకొని మెల్లగ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పు. నూనె పోసినట్టు తిరగాలె. మధ్యలకు రాంగనే ఏదో గాడిల కూసున్నట్టు టక్కున ఆగిందంటే బేరింగ్ కప్పులకు గుంతలు పడ్డట్టే, గట్లాంటి బండి స్పీడ్ మీద సీదా పోదు, చిన్నగ అటిటు గుంజుతనే ఉంటది, రోజుకు నాలుగైదు వందల కిలోమీటర్లు గట్ల నడిపితే భుజాలు పోతయ్. తర్వాత ఫోర్కులను (ముందు చక్రాన్ని పట్టుకున్న రెండు గొట్టాలు) కింద పట్టుకొని ముందుకు ఎనకకు ఊపు, టక్ టక్ అంటె లూజు ఉన్నట్టు. గ్రీజు పెడితే సరిపోతది అంటె వినకు, గుంత పడ్డ కప్పు గ్రీజుతోని బాగుకాదు. టేపర్ బేరింగ్ (గుండ్ల బదులు ఏటవాలు రోలర్లు ఉండేది) దొరికితే గదే వేయించు, నా లెక్కల ఈ బండికి అన్నిటికన్న పనికొచ్చే అప్‌గ్రేడ్ గదే.

చైన్ విషయంల చాలమంది ఒక్క దగ్గర పట్టుకొని చూసి టైట్ చేసేస్తరు. చైన్ అంతట ఒక్క తీరు సాగదు తమ్మీ, ఎనక చక్రం కొంచెం కొంచెం తిప్పుకుంట నాలుగైదు దగ్గర్ల చూడాలె, ఎక్కడ అన్నిటికన్న టైట్ ఉందో ఆ జాగల మాన్యువల్ల చెప్పిన లూజు ఉండాలె. లూజున్న దగ్గర చూసి బిగిస్తే, లోడ్ మీద స్వింగ్ ఆర్మ్ (ఎనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి) పైకి కదిలినప్పుడు టైట్ జాగ వచ్చి గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగ్‌ని గుంజుతది. మార్చేటప్పుడు చైన్, రెండు స్ప్రాకెట్లు (చైన్ తిరిగే పండ్ల చక్రాలు) కలిపి మార్పియ్యి, అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త చైన్ వేస్తే అది కూడ తొందరగనే పోతది. క్లీనింగ్‌కు కిరోసిన్, మెత్తటి బ్రష్షు చాలు, వైర్ బ్రష్ పెడితే లింకుల మధ్యల రబ్బర్ రింగులు ఖరాబైతయ్. 500 కిలోమీటర్లకోసారి, వాన పడ్డ రోజైతే సాయంత్రం రూమ్‌కు పోంగనే చైన్ ల్యూబ్ (చైన్‌కు కొట్టే నూనె) కొట్టు.

టైర్లు ముందు 90/90-21, ఎనక 120/90-17, రెండూ ట్యూబ్ టైర్లే, అంటె ట్యూబ్‌లెస్ పంచర్ కిట్టు కొని పెట్టుకుంటె ఏం పనికి రాదు. రోడ్డు పక్క పంచర్ దుకాణాలల్ల 21 ఇంచుల ట్యూబ్ దొరుకుడు కష్టం. రెండు ట్యూబులు పట్టుకుపో, జాగ లేకపోతే 21 దే పెట్టుకో, గతి లేనప్పుడు దాన్ని ఎనక టైర్ల కూడ మడిచి ఎక్కించి మెల్లగ ఊరి దాకా రావొచ్చు. రెండు టైర్ లివర్లు, గాలి పంపు, యాక్సిల్ నట్టుకు సరిపోయే స్పానర్ కంపల్సరీ, ఇంటి ముంగట ఒక్కసారన్న నీ చేత్తోనే చక్రం ఊడదీసి ట్యూబ్ మార్చి చూడు.

ఏర్ ఫిల్టర్ సంగతి మనోళ్లు పట్టించుకోరు. కరీంనగర్ రోడ్డు మీద గ్రానైట్ లారీలు, భూపాలపల్లి దిక్కు బొగ్గు లారీలు, వాటి ఎనక నడిపిన బండి ఫిల్టర్ తీసి చూడు తెలుస్తది. కొత్తది వేసి బయల్దేరు. బ్రేక్ ఆయిల్ డాట్ 4, రెండేండ్లు దాటితే మార్పియ్యి. క్లచ్ కేబుల్ మాత్రం సంచిల పెట్టుకునే కన్న, కొత్తదాన్ని పాత కేబుల్ ఎంబడే గుంజి ట్యాగులతోని కట్టి పెట్టు, తెగితే చివర్లు మారిస్తే అయిపాయె, చలిల ట్యాంక్ ఊడదీసే పని ఉండది.

ఇగ లైట్లు. కావాలంటె పెట్టు కని రిలే (చిన్న స్విచ్‌తోని బ్యాటరీ కరెంట్‌ని సీదా లైట్లకు ఇచ్చేది), వేరే ఫ్యూజ్ లేకుండ హెడ్‌లైట్ వైర్లకెల్లి కరెంట్ గుంజి పెడితే మాత్రం వద్దు. మా గ్రూపుల ఒక తమ్ముడు గట్లనే పెట్టిచ్చుకుంటె, నిర్మల్ దాటినంక మహబూబ్ ఘాట్‌ల రాత్రిపూట హ్యాండిల్ కింద వైర్ రాసుకొని బండి ఫ్యూజ్ కొట్టేసి హెడ్‌లైట్ కూడ పోయింది, మేము ముందొక బండి ఎనకొక బండి పెట్టి దించుకొచ్చినం. వైర్ వేసినంక హ్యాండిల్ రెండు దిక్కుల ఫుల్ తిప్పి ఎక్కడన్న గుంజుతుందా చూడు.

పెట్టెల కన్న బట్ట సాడిల్ బ్యాగులు నయం, బరువు తక్కువ, పడ్డా కాలు ఇరకదు. కుడి దిక్కు సైలెన్సర్ పైకి ఉంటది, బ్యాగ్ దానికి తాకకుండ స్టే (అడ్డం కమ్మి) వేయించు, లేకపోతే కాలుతది. బరువు సామాన్లు కింద, నీకు దగ్గరగ ఉండాలె. సైలెన్సర్ మార్చుడు అస్సలొద్దు, సప్పుడు తప్ప ఏం రాదు.

పైన లేహ్ పోయే దారిల తంగ్లంగ్ లా కనుమ దగ్గర 17 వేల అడుగులు దాటుతది, గాలి మన దగ్గర ఉన్నదాంట్ల సగం చిల్లరే. ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోల్‌ని సర్దుకుంటది కని 24 హార్స్‌పవర్ బండి గుంజుడు మాత్రం తగ్గుతది, బండి ఖరాబైందని భయపడకు, చిన్న గేర్ల నడుపు, క్లచ్ సగం పట్టుకొని లాగకు. మనాలి దాటినంక వచ్చే తాండి పెట్రోల్ బంకు కాడ తర్వాతి బంకు 365 కిలోమీటర్లు అని పెద్ద బోర్డు ఉండేది, 15 లీటర్ల ట్యాంకుకు ఎక్కుడుల లోడ్ మీద అది బొటాబొటి, 5 లీటర్లు క్యాన్ల పెట్టుకో.

ఇవన్ని అయినంక ఫుల్ లోడ్ కట్టుకొని ములుగు, తాడ్వాయి మీదికెల్లి ఏటూరునాగారం పోయి రా, మేడారం దిక్కు కూడ ఒకసారి తిప్పు. తిరిగి వచ్చినంక చైన్ మళ్ల చూడు, నట్లన్ని చెయ్యేసి చూడు, స్పోకులను స్పానర్‌తోని ఒక్కొక్కటి కొట్టు. అన్నీ టింగ్ అంటుంటె మధ్యల ఏదన్న మొద్దుగ మోగితే అది లూజైంది, చక్రం మొత్తం ట్రూయింగ్ (స్పోకులు సర్ది వంకర తీసుడు) చేయించినంకనే నాగ్‌పూర్ రోడ్డు ఎక్కు.