సొలారిస్ డిస్కులు పోల్చి వీడియో చేస్తే నోటీసు వచ్చింది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నం. పాత యూరప్ సినిమాల డిస్కులు కొని దాచుకోవడం నాకో పిచ్చి. రష్యన్ దర్శకుడు తార్కోవ్‌స్కీ తీసిన సైన్స్ ఫిక్షన్ సినిమా ‘సొలారిస్’ (1972, ఆ పేరున్న గ్రహం కథ) నా దగ్గర మూడు రకాలుగా ఉంది. అమెరికాలో క్రైటీరియన్ వాళ్లు 2002లో తెచ్చిన డీవీడీ, వాళ్లే 2011లో తెచ్చిన బ్లూరే, బ్రిటన్‌లో కొన్న ఇంకో కంపెనీ డీవీడీ. మూడింటినీ పోల్చి తెలుగులో 16 నిమిషాల యూట్యూబ్ వీడియో చేశాను. అందులో 24 స్క్రీన్‌షాట్లు, అన్నీ కలిపి రెండు నిమిషాల క్లిప్పులు, సబ్‌టైటిళ్ల పోలిక ఉన్నాయి, ఒక డిస్కుతో వచ్చిన చిన్న పుస్తకంలోని వ్యాసం రెండు పేజీలు కూడా చూపించాను. బ్లూరే 2 గంటల 46 నిమిషాలుంటే బ్రిటన్ డీవీడీ 2 గంటల 39 నిమిషాలే ఉంది కాబట్టి, ఆ కంపెనీ ఏడు నిమిషాల సినిమా కోసేసింది, కొనొద్దు అని చెప్పాను. ఇప్పుడు ఆ కంపెనీ తరఫున లాయరు నోటీసు వచ్చింది. 15 రోజుల్లో వీడియో తీసేసి 5 లక్షలు కట్టకపోతే కాపీరైట్ కేసు, పరువునష్టం కేసు, పోలీస్ కంప్లైంట్ అంటున్నారు. స్క్రీన్‌షాట్ల కోసం డిస్కు లాక్ తీసే సాఫ్ట్‌వేర్ కూడా వాడాను. చాలా టెన్షన్‌గా ఉంది. పైగా ఫ్రెండ్స్ ఈ సినిమా అపార్ట్‌మెంట్ హాల్లో ప్రొజెక్టర్ మీద వేయమంటున్నారు, తెలుగు సబ్‌టైటిళ్లు చేసి నెట్లో పెట్టమంటున్నారు. ఇవన్నీ చేయొచ్చా?

జవాబు: మీ ఉత్తరం నిండా స్క్రీన్‌షాట్ల గురించిన భయమే ఉంది, కానీ నాకు కంగారు పుట్టించింది ఆ ఏడు నిమిషాల మాట. ముందు దాని సంగతి చూద్దాం, ఎందుకంటే నోటీసులో కాస్తో కూస్తో బలం ఉన్నది అక్కడొక్క చోటే.

సినిమా సెకనుకు 24 ఫ్రేముల లెక్కన తీస్తారు. బ్రిటన్, యూరప్ డీవీడీలు పాల్ (PAL) అనే టీవీ పద్ధతిలో ఉంటాయి, అంటే సెకనుకు 25 ఫ్రేములు. అందుకని చాలావాటిలో సినిమాని అలాగే కాస్త వేగంగా నడిపించేస్తారు, ఒక్క ఫ్రేమూ పోదు, నిడివి మాత్రం నాలుగు శాతం తగ్గుతుంది, గొంతులు కూడా కొంచెం సన్నగా వినిపిస్తాయి. మీ 159 నిమిషాలను 25తో గుణించి 24తో భాగించి చూడండి, దాదాపు 166 వస్తుంది, అంటే మీ బ్లూరే నిడివే. కాబట్టి వాళ్లు ఏమీ కోసి ఉండకపోవచ్చు. ఖాయం చేసుకోవాలంటే రెండు డిస్కులూ పక్కపక్కన పెట్టి మొదటి షాట్ నుంచి చివరి షాట్ దాకా సరిపోల్చండి, విసుగు పుట్టే పనే కానీ ఈ సినిమా ఇష్టపడేవాళ్లకి ఓపిక కొదవ ఉండదు కదా.

ఇందులో చట్టం సంగతి ఏమిటంటే, ‘ఈ డీవీడీలో బొమ్మ మసకగా ఉంది, డబ్బు దండగ, కొనొద్దు’ అనడం మీ అభిప్రాయం. డిస్కు కొన్నవాడిగా ఆ మాట అనే హక్కు మీకు పూర్తిగా ఉంది, కంపెనీకి ఎంత కోపం వచ్చినా సరే. కానీ ‘ఏడు నిమిషాలు కోసేశారు’ అన్నది అభిప్రాయం కాదు, జరిగిందో లేదో తేల్చగలిగే విషయం. అది తప్పని తేలితే, కొనొద్దని చెప్పడం కూడా దాని మీదే ఆధారపడింది కాబట్టి, వాళ్ల సరుకు గురించి అబద్ధం చెప్పి వ్యాపారం చెడగొట్టారని వాదించడానికి వాళ్లకి ఒక దారి దొరుకుతుంది. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ప్రకారం కంపెనీకి కూడా పరువు ఉంటుంది. మీకు దురుద్దేశం లేదు, నిడివి చూసి నిజమనుకునే అన్నారు, కోర్టులో అది పనికొస్తుంది. అయినా తప్పని తెలిశాక కూడా వీడియో అలాగే ఉంచితే ‘నిజమనుకున్నాను’ అనే మాటకి విలువ పోతుంది.

అందుకని మీ పరీక్షలో కోత లేదని తేలితే వెంటనే ఆ ముక్కని యూట్యూబ్ ఎడిటర్‌లోనే కత్తిరించండి, కింద వివరణలోనూ పిన్ చేసిన కామెంట్‌లోనూ ‘నిడివి తేడా పాల్ వేగం వల్ల వచ్చింది, కోత అని చెప్పడం నా పొరపాటు’ అని ఒక్క వాక్యం రాయండి. దానికంటే ముందు ఇప్పుడున్న వీడియోని యథాతథంగా ఒక కాపీ దాచుకోండి. రేపు వాళ్లు మీరు అనని మాట అన్నారని చెప్తే చూపించడానికి అదే ఆధారం.

ఇక కాపీరైట్. పాత సినిమా కదా, ఎప్పుడో హక్కులు పోయుంటాయి అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మన 1957 కాపీరైట్ చట్టంలో సినిమాకి విడుదలైన సంవత్సరం ముగిశాక 60 ఏళ్లు రక్షణ, విదేశీ సినిమాలకూ అంతర్జాతీయ ఒప్పందాల వల్ల ఇక్కడ అదే వర్తిస్తుంది. 1972 సినిమాకి 2032 డిసెంబర్ 31 దాకా లెక్క. ఈ సినిమా తీసిన రష్యా స్టూడియో మోస్‌ఫిల్మ్ వాళ్లు తార్కోవ్‌స్కీ సినిమాల్ని తమ యూట్యూబ్ చానెల్లో ఫ్రీగా పెట్టారన్నది నిజమే, కానీ మామిడిపండు ఊరికే ఇచ్చినంత మాత్రాన తోట రాసిచ్చినట్టు కాదు. పైగా 14(డి) సెక్షన్ ప్రకారం సినిమాలోని ఒక్క బొమ్మని ఫొటోగా తీసుకోవడం కూడా కాపీ చేయడమే. అంటే మీ 24 స్క్రీన్‌షాట్లూ 24 కాపీలు. మీ దగ్గరున్న జవాబు 52(1)(ఎ) సెక్షన్ మాత్రమే, అది గట్టి జవాబే.

ఆ సెక్షన్ విమర్శ కోసం, సమీక్ష కోసం న్యాయంగా వాడుకుంటే అది ఉల్లంఘనే కాదంటుంది. ఇందులో చాలామంది లాయర్లు కూడా మర్చిపోయే విషయం ఒకటుంది. 2012 సవరణకి ముందు ఈ సమీక్ష మినహాయింపు సాహిత్యం, నాటకం, సంగీతం, చిత్రకళ వరకే రాసి ఉండేది, సినిమా పేరు అందులో లేదు. 2012 జూన్ నుంచి కంప్యూటర్ ప్రోగ్రాములు తప్ప ‘ఏ కృతి అయినా’ అని మార్చారు. మీ వీడియోకి ఆ మార్పే ఆధారం.

న్యాయంగా అంటే ఎంత? శాతాల లెక్క చట్టంలో లేదు. కేరళ హైకోర్టు 1996లో సివిక్ చంద్రన్ కేసులో మూడు విషయాలు చూడమంది: ఎంత భాగం, ఎంత ముఖ్యమైన భాగం తీసుకున్నారన్నది ఒకటి, ఎందుకు తీసుకున్నారన్నది రెండు, అసలు కృతికి పోటీ అవుతుందా అన్నది మూడు. మీది చూద్దాం. 166 నిమిషాల సినిమాలో సుమారు 2 లక్షల 39 వేల ఫ్రేములుంటాయి, మీరు తీసుకున్నవి 24. ఎందుకు తీసుకున్నారో చెప్పడం ఇంకా తేలిక. ఈ సినిమాలో బ్లాక్ అండ్ వైట్‌లా కనిపించే కొన్ని సన్నివేశాలకి అసలు నీలం ఛాయ ఉండాలి. 2002 డీవీడీలో అవి ఉత్త నలుపు తెలుపుగా వచ్చాయి, 2011 బ్లూరేలో నీలం తిరిగొచ్చింది. ఈ తేడాని పక్కపక్కన రెండు బొమ్మలు పెట్టకుండా మాటల్లో చెప్పమంటే ఎవరికి సాధ్యం? నీలం అంటే ఎంత నీలం అని అడుగుతారు. చూపించకుండా సమీక్ష చేయలేనప్పుడు చూపించడం న్యాయమే, ఏ జడ్జి ముందైనా నేను మొదట చెప్పే వాదన ఇది. మీ 24 బొమ్మలు చూసి సినిమా చూసేశాను, ఇక డిస్కు అక్కర్లేదు అనేవాడు భూమ్మీద ఉండడు, సొలారిస్ గ్రహం మీద కూడా ఉండడు.

క్లిప్పుల దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్త. వాటి మీద మీ మాటలు నడుస్తూ, ఏ తేడా కోసం చూపిస్తున్నారో చెప్తూ ఉంటే ఇబ్బంది లేదు. ఆ టోక్యో రోడ్ల మీద కారు వెళ్తూనే ఉండే సన్నివేశాన్ని (నేను రెండుసార్లు అక్కడే కునుకు తీశాను, క్షమించాలి) ఊరికే అందంగా ఉందని నలభై సెకన్లు వదిలేసి ఉంటే, అది సమీక్ష కాదు అలంకరణ, కత్తిరించండి. సంగీతం కూడా వేరే లెక్క. ఇందులో వినిపించే జర్మన్ స్వరకర్త బాఖ్ 1750లోనే పోయాడు, ఆయన రచన మీద ఎవరికీ హక్కు లేదు, కానీ దాన్ని వాయించి రికార్డు చేసినవాళ్ల హక్కు విడిగా ఉంటుంది. మిగతా సంగీతం చేసిన ఆర్తెమియెవ్ 2022లో పోయారు, ఆయన సంగీతానికి 2082 చివరి దాకా రక్షణ ఉంటుంది. ధ్వని తేడా చర్చించని చోట సినిమా సౌండ్ ఆపేసి మీ గొంతు పెట్టుకోండి. యూట్యూబ్ ఆటోమేటిక్ తనిఖీ సౌండ్‌ని బట్టి కూడా పట్టుకుంటుంది.

సబ్‌టైటిళ్లు అనువాదాలు కాబట్టి వాటికి కూడా విడిగా కాపీరైట్ ఉంటుంది. ఒకే డైలాగు మూడు చోట్ల ఎలా ఉందో పోల్చడం చక్కటి సమీక్ష, అది ఉంచండి. కానీ వ్యాసం రెండు పేజీలు తీసేయండి. మీరు ఆ వ్యాసాన్ని విమర్శించలేదు, పుస్తకం ఎంత బాగుందో చూపించడానికి పెట్టారు. అట్ట చూపిస్తే సరిపోయేది, జనం ఆపి చదువుకునేలా పేజీలు చూపించడం దేనికి?

లాక్ తీయడం గురించి మీరు నేరం చేసినట్టు రాశారు. 65ఎ సెక్షన్‌లో రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్న మాట నిజమే, కానీ అది హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో లాక్ తీసినవాళ్లకి. చట్టం నిషేధించని పని కోసం తీస్తే అడ్డు లేదని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. సమీక్ష అలాంటి పని. అన్ని రీజియన్ల డిస్కులూ (ఏ దేశాల్లో ఆడాలో డిస్కుకి పెట్టే హద్దునే రీజియన్ అంటారు) ఆడే ప్లేయర్ కొనడం కూడా తప్పు కాదు. అయితే వీడియో కింద ఆ సాఫ్ట్‌వేర్ లింకు ఇచ్చి ఉంటే ఇవాళే తీసేయండి. ఇంకొకరికి లాక్ తీయడంలో సాయపడేవాళ్లు వాళ్ల పేరు, చిరునామా, వాడకం రికార్డు పెట్టాలని అదే సెక్షన్ చెప్తుంది. వేలమంది చూసేవాళ్ల రికార్డు మీరెక్కడ పెడతారు? డిస్కు నుంచి కాపీ చేసుకున్న ఫైల్ కూడా ఎవరికీ పంపొద్దు, పెన్‌డ్రైవ్‌లో పక్కింటివాళ్లకి కూడా.

నోటీసు పంపిన కంపెనీకి అసలు కాపీరైట్ గురించి అడిగే అర్హత ఉందా అన్నది నేనైతే మొదటి ఉత్తరంలోనే అడుగుతాను. 54వ సెక్షన్ ప్రకారం కేసు వేయాల్సింది యజమాని, లేదా ఎక్స్‌క్లూజివ్ (తనొక్కడికే ఇచ్చిన) లైసెన్సు ఉన్నవాడు. బ్రిటన్‌లో అమ్ముకోవడానికి మాత్రమే లైసెన్సు ఉన్నవాడికి విశాఖపట్నంలో జరిగిన దాని మీద హక్కు ఎలా వచ్చింది? ఆ కాగితం చూపించమనండి. ఆధారం లేని కాపీరైట్ బెదిరింపులు ఆపించడానికి మీరే కోర్టుకి వెళ్లొచ్చని 60వ సెక్షన్ చెప్తుంది, అవసరం రాకపోవచ్చు కానీ జవాబులో ఆ నంబరు కనిపిస్తే అవతలి లాయరు నోటీసుని మళ్లీ ఒకసారి చదువుకుంటాడు. పోలీస్ కంప్లైంట్‌ని మాత్రం నవ్వి వదిలేయకండి. కాపీరైట్ 63వ సెక్షన్ నేరం నాన్-బెయిలబుల్ (బెయిల్ హక్కుగా రాదు, కోర్టు ఇస్తేనే వస్తుంది) అని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. అయితే అది తెలిసి ఉల్లంఘించినవాళ్లకి, న్యాయమైన సమీక్ష ఉల్లంఘనే కాదు. 5 లక్షలు కట్టాలన్నది వాళ్ల కోరిక, కోర్టు చెప్పేదాకా దానికి విలువ లేదు.

అపార్ట్‌మెంట్ హాలు: వద్దు. టికెట్ లేకపోయినా, ఇంటివాళ్లూ దగ్గరివాళ్లూ దాటి పదిమందిని పోగుచేసి వేస్తే అది ప్రజలకు ప్రదర్శించడం కిందికి వస్తుంది, దానికి హక్కుదారు అనుమతి కావాలి, బహిరంగ ప్రదర్శనకి సెన్సార్ సర్టిఫికెట్ ప్రశ్న కూడా వస్తుంది. మీ ఇంట్లోని హాల్లో నలుగురు ఫ్రెండ్స్‌ని కూర్చోబెట్టి చూడండి, అడ్డుచెప్పడానికి ఎవరూ రారు. డిస్కులు అద్దెకిచ్చే ఆలోచన ఎప్పుడైనా వస్తే 2009లో ఢిల్లీ హైకోర్టు వార్నర్ బ్రదర్స్ కేసులో ఏమందో గుర్తుంచుకోండి: అమెరికాలో డబ్బిచ్చి కొన్న అసలు డీవీడీలే అయినా ఇక్కడ అద్దెకి తిప్పడం ఉల్లంఘన అంది.

తెలుగు సబ్‌టైటిళ్లు చేసి ఇంట్లో మీ నాన్నగారికి చూపించుకుంటే అడిగేవాడు లేడు. నెట్లో పెడితే మాటల రచనని అనుమతి లేకుండా అనువదించి పంచినట్టే. ఫ్రీగా ఇచ్చాం కదా అన్నది కోర్టులో జవాబు కాదు. అంత ప్రేమ ఉంటే మోస్‌ఫిల్మ్‌కే రాసి చూడండి, తమ చానెల్లో తెలుగు కూడా ఉంటే వాళ్లకి నష్టమేమీ లేదు.

ఈ వారంలో చేయాల్సిన పని: బ్రిటన్ డీవీడీని బ్లూరేతో సరిపోల్చడం, నిడివి ముక్క సరిదిద్దడం, వ్యాసం పేజీలు తీయడం. ఆ తర్వాత నోటీసు, కవరు, డిస్కులు కొన్న బిల్లులు, వీడియో పాత కాపీ పట్టుకుని మీ ఊళ్లోనే ఒక లాయరు దగ్గరికి వెళ్లి జవాబు రాయించండి. కాపీరైట్ ఆరోపణ ఒప్పుకోవడం లేదని, నిడివి గురించిన మాట సవరించామని, లైసెన్సు కాగితం పంపమని అందులో ఉండాలి, ఒక పేజీ దాటక్కర్లేదు. 15 రోజుల గడువు నోటీసు మీద ఉన్న తేదీ నుంచి కాదు, మీ చేతికి అందిన రోజు నుంచి అని రాసి ఉందో లేదో కూడా చూసుకోండి, జవాబుని స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.