క్రిప్టోలో ముందు అమ్మడం నేర్చుకోండి

ప్రశ్న: దాళ్వా ధాన్యం డబ్బులు చేతికొచ్చాయి. సార్వా పెట్టుబడికి తీసిపెట్టగా 20 వేలు మిగిలాయి. మా ఊరి కుర్రాడొకడు నన్ను వాట్సాప్ గ్రూపులో చేర్చి ఒక యాప్ లింకు పంపాడు. అందులో క్రిప్టో లాభాలు బాగా కనిపిస్తున్నాయి. నాకు వ్యవసాయం తప్ప వేరే ఆదాయం లేదు. ఎలా మొదలుపెట్టాలి? ఏ కాయిన్ కొనాలి?
— ఒక రైతు, పాలకొల్లు

జవాబు: ముందు ఆ లింకు తీసేయండి. వాట్సాప్‌లో వచ్చిన యాప్‌లో కనిపించే లాభం, దాన్ని నడిపేవాడు వేసిన అంకె మాత్రమే. నమ్మకం కుదరడానికి మొదట వెయ్యో రెండు వేలో వెనక్కి ఇస్తారు కూడా. పెద్ద మొత్తం పెట్టాక తీసుకోబోతే 'ముందు ట్యాక్స్ కట్టండి' అంటారు. అసలు పద్ధతి అది కాదండీ. అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్‌ను (ముందుగానే మినహాయించే పన్ను) వచ్చే సొమ్ములోంచే కోసుకుంటారు, ఎదురు కట్టమని ఎవరూ అడగరు.

కేంద్ర ప్రభుత్వ ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదైన ఎక్స్ఛేంజ్‌లోనే (కాయిన్లు కొని అమ్మే వేదిక) ఖాతా తెరవండి. 2023 మార్చి నుంచి ఈ వ్యాపారం మనీలాండరింగ్ చట్టం కిందికి వచ్చింది. అయితే నమోదు ఉన్నంత మాత్రాన డబ్బుకు హామీ లేదు. బ్యాంకు డిపాజిట్‌కు ఉండే 5 లక్షల బీమా లాంటిది ఇక్కడ లేదు. 2024 జూలైలో మన దేశంలోనే ఒక పెద్ద ఎక్స్ఛేంజ్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన కాయిన్లు దొంగలపాలయ్యాయి. ఖాతాదారులు నెలల తరబడి తమ కాయిన్లు తీసుకోలేకపోయారు.

పాన్, ఆధార్, మీ పేరునే ఉన్న బ్యాంకు ఖాతా కావాలి. 20 వేలూ ఒకేసారి వద్దు, 2 వేలు వేయండి. ఒక బిట్‌కాయిన్‌లో 10 కోట్ల సతోషీలు (దాని అతి చిన్న భాగాలు) ఉంటాయి కాబట్టి చిన్న ముక్కయినా కొనుక్కోవచ్చు. 'ఇన్‌స్టంట్ బై' మీట నొక్కితే కొనే ధరకూ అమ్మే ధరకూ తేడా ఎక్కువ ఉండొచ్చు. లిమిట్ ఆర్డర్ పెడితే మీరు చెప్పిన ధరకే, లేదా ఇంకా తక్కువకే కొంటారు. రెండు రోజులాగి సగం అమ్మి, రూపాయలు బ్యాంకులోకి తెచ్చుకోండి. రొయ్యల చెరువుకు నీళ్ళు పెట్టేముందు తూము సరిగా పనిచేస్తోందో లేదో చూసుకోరూ, ఇదీ అంతే. ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ, టీడీఎస్ పోను ఎంత మిగిలిందో కాగితం మీద రాసుకోండి. తరచూ కొని అమ్మేవాళ్ళకి ధర పెరిగినా చేతిలో ఎందుకు మిగలదో అక్కడే అర్థమవుతుంది.

వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి దీనికీ ఉండదనుకోకండి. క్రిప్టో లాభం మీద మొదటి రూపాయి నుంచీ 30 శాతం, ఆ పన్ను మీద 4 శాతం సెస్సు. 10 వేలకు కొన్నది 12 వేలకు అమ్మితే లాభం 2 వేలు, పన్ను 624 రూపాయలు. అమ్మినప్పుడు కోసిన 120 ఇందులో సర్దుబాటవుతుంది, మిగతా 504 మీరు కట్టాలి. అదే ఏడాది ఇంకో కాయిన్‌లో 2 వేలు పోయినా ఆ 624 తగ్గదు. అందుకే నాలుగైదు కాయిన్లలో చేతులు పెట్టడం మొదటిసారి వాళ్ళకు తగదని మా గట్టి అభిప్రాయం. రిటర్న్ వేయాలి, అందులో వీడీఏ (క్రిప్టో లాంటి డిజిటల్ ఆస్తుల) షెడ్యూల్ నింపాలి. ప్రతి అమ్మకం వివరం ఎక్స్ఛేంజ్ నుంచి దించి పెట్టుకోండి.

కొంటే బిట్‌కాయిన్ ఒక్కటే కొనండి. అదీ 2021 నవంబరులో దాదాపు 69 వేల డాలర్లున్నది, సరిగ్గా ఏడాదికి 16 వేలకు దిగువకు పడింది. సార్వా డబ్బునీ, బంగారం తాకట్టు డబ్బునీ ఇందులోకి రానీయకండి.

ప్రశ్న: దుబాయ్‌లో ఉన్న మా తమ్ముడు డబ్బుకు బదులు యూఎస్‌డీటీ (డాలరు విలువకు ముడిపెట్టిన క్రిప్టో కాయిన్) పంపుతానంటున్నాడు. ఇక్కడ పీటూపీలో (మనుషులు నేరుగా ఒకరికొకరు అమ్ముకునే పద్ధతి) అమ్మితే ఎక్కువ వస్తుందట. నిజమేనా?
— ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: వద్దమ్మా. పీటూపీలో మీ ఖాతాకు డబ్బు వేసేది ముక్కూమొహం తెలియని మనిషి. అది ఎవరినో మోసం చేసి తెచ్చిన సొమ్మైతే, ఎక్కడో వేరే రాష్ట్రంలో ఫిర్యాదు నమోదై మీ ఖాతా స్తంభిస్తుంది. పైగా టీఆర్‌సీ20 (ట్రాన్ అనే నెట్‌వర్క్) అడ్రసుకు పంపాల్సింది వేరే నెట్‌వర్క్ మీద పంపితే తిరిగి రావడం కష్టం. తమ్ముడిని బ్యాంకు ద్వారానే పంపమనండి. ఇప్పటికే ఖాతా ఆగి ఉంటే బ్యాంకును ఫిర్యాదు నంబరు, ఏ పోలీసు స్టేషనో రాతపూర్వకంగా అడగండి. ఆర్డర్ నంబరు, చాట్, లావాదేవీ హ్యాష్ (ఆ లావాదేవీ గుర్తింపు సంకేతం) జతచేసి ఆ స్టేషన్‌కు రాయండి. మోసపోయింది మీరే అయితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.