ఉద్యోగం కొనకు, సాయం అడుగు

ప్రశ్న: మాది సిరిసిల్ల. బతుకమ్మ చీరల ఆర్డర్లు ఆగిపోయినప్పటి నుంచి నాన్నకు సాంచాల (మరమగ్గాల) మీద పని ఒక నెల ఉంటే ఇంకో నెల ఉండట్లేదు. నేను ఈసీఈలో బీటెక్ పూర్తి చేశాను. క్యాంపస్‌లో ఆఫర్ వచ్చింది కానీ ఏడాది కావస్తున్నా జాయినింగ్ డేట్ ఇవ్వలేదు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు రెండు లక్షలు కడితే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ పెట్టి ఉద్యోగం ఇప్పిస్తామంటున్నారు. అమ్మ బంగారం కుదువ పెడదామని నాన్న అంటున్నారు. సీనియర్లను అడగాలంటే నాకేమో మొహమాటం. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ బంగారం బీరువాలోనే ఉండనివ్వు. చేయని ఉద్యోగానికి సర్టిఫికెట్ తెచ్చుకుని లోపలికి వెళ్లినా, వెరిఫికేషన్‌లో పీఎఫ్ రికార్డు చూస్తే ఆ కంపెనీ నుంచి నీకు జీతం వచ్చిందా లేదా అన్నది బయటపడిపోతుంది. అప్పుడు ఉద్యోగం పోతుంది, రెండు లక్షలూ పోతాయి, తర్వాత వెళ్లే కంపెనీలోనూ ఆ మచ్చ ఇబ్బంది పెడుతుంది. కొన్ని కన్సల్టెన్సీలైతే అంతదాకా కూడా రానివ్వవు, డబ్బు చేతిలో పడగానే బోర్డు తిప్పేస్తాయి. ఇల్లు ఇబ్బందుల్లో ఉన్నప్పుడే ఇలాంటివాళ్ల మాట తియ్యగా వినిపిస్తుంది, నాన్నగారి తప్పేం లేదు.

ఇక నీ మొహమాటం సంగతి. నాకు అసలు సమస్య అక్కడే కనిపిస్తోంది. మన దగ్గర ఎంతమంది వారాలు చేసుకుని, రోజుకొకరి ఇంట్లో అన్నం తిని చదువుకున్నారో పెద్దవాళ్లను అడుగు. టంగుటూరి ప్రకాశం గారిని ఒంగోలు మిషన్ స్కూల్ మాస్టారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు తన వెంట రాజమండ్రి తీసుకెళ్లి చదివించారు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన మనిషికి చదువు అలా ఒక పంతులుగారి చలవతో వచ్చింది. నువ్వు అడగబోయేది అంత పెద్ద సాయం కూడా కాదు, ఒక్క రిఫరల్, అంటే వాళ్ల కంపెనీలో నీ పేరు సిఫారసు చేయడం. చాలా కంపెనీల్లో అలా సిఫారసు చేయించుకున్న మనిషి చేరితే, సిఫారసు చేసిన ఉద్యోగికి బోనస్ కూడా ఇస్తారు.

ఇంకో సంగతి. 2008 సెప్టెంబర్‌లో అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కుప్పకూలింది, 2009 జనవరి 7న హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం కుంభకోణం బయటపడింది. అప్పుడు కూడా చేతిలో ఆఫర్ లెటర్ పెట్టుకుని నెలల తరబడి ఎదురుచూసిన పిల్లలు చాలామంది ఉన్నారు, విసిగిపోయి బ్యాంకు పరీక్షలు రాసి అటు వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. ఆ బ్యాచ్‌ల వాళ్లే ఇప్పుడు మేనేజర్లు. నీ పరిస్థితి వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. మీ కాలేజీ పూర్వ విద్యార్థుల జాబితాలో ముందు వాళ్లను వెతుకు.

అడగడం కూడా తెలియాలి. "అన్నా, ఏదైనా జాబ్ ఉంటే చూడండి" అని పెడితే ఎంత మంచివాళ్లైనా "చూద్దాం తమ్ముడూ", "సరే చెల్లీ" అని ఊరుకుంటారు, ఎందుకంటే వాళ్లు ఏం చేయాలో అందులో లేదు. ఇలా రాసి చూడు: "నమస్తే అన్నా, మన కాలేజీ ఈసీఈ. మీ కంపెనీలో ఎంబెడెడ్ ట్రైనీ పోస్టు పడింది, జాబ్ ఐడీ ఇది, రెజ్యూమే జత చేశాను. నాకు సి భాష, మైక్రోకంట్రోలర్ ప్రాజెక్టు ఉన్నాయి. సరిపోతానంటే రిఫర్ చేస్తారా? సరిపోకపోతే ఏం తక్కువైందో ఒక్క ముక్క చెప్పండి, చాలు." చివరి మాట వదిలేయొద్దు. రిఫర్ చేయలేనివాళ్లు కూడా దానికి జవాబిస్తారు, ఒక్కోసారి ఆ జవాబే ఎక్కువ పనికొస్తుంది.

ఈలోగా ఖాళీగా కూర్చోకు. చదువు అయినవాళ్లను అప్రెంటిస్‌లుగా, అంటే స్టైపెండ్ ఇచ్చి పని నేర్పించేలా, సంస్థలతో కలిపే కేంద్ర ప్రభుత్వ నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకో. ఎలక్ట్రానిక్స్ పరికరాలు చేసే ఈసీఐఎల్, క్షిపణులు చేసే బీడీఎల్ లాంటి ప్రభుత్వ సంస్థలు గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌లను తీసుకుంటాయి, రెండూ హైదరాబాద్‌వే, నీ బ్రాంచికి సరిగ్గా సరిపోయేవి. 30 మంది, ఆపైన పనిచేసే సంస్థలన్నీ 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలన్నది 2019 నిబంధన, కాబట్టి ప్రైవేటులోనూ చోటుంటుంది. అదే నిబంధనల్లో డిగ్రీవాళ్లకు నెలకు కనీసం 9,000 స్టైపెండ్ అన్నారు. తక్కువే, హైదరాబాద్‌లో హాస్టల్‌కు, బస్సుకు పోగా ఇంటికి పంపేంత మిగలదు, ఏడాది తర్వాత అక్కడే ఉద్యోగం ఇస్తారన్న హామీ కూడా లేదు. అయినా వెళ్లమనే అంటాను. నీకు దొరికేది నిజమైన అనుభవం, దానికి సర్టిఫికెట్ కూడా ఇస్తారు. కన్సల్టెన్సీవాళ్లు రెండు లక్షలకు అమ్ముతున్నది దీనికి నకిలీ. కోర్సులు కావాలంటే ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు.

చదువుకు బ్యాంకు లోన్ తీసుకుని ఉంటే, వాయిదాలు మొదలవకముందే మేనేజర్ దగ్గరికి వెళ్లి ఆఫర్ లెటర్ చూపించి, గడువు పెంచమని కాగితం మీద రాసివ్వు. వాయిదా తప్పాక వెళ్లి అడగడం చాలా కష్టం.

నీకు ఆఫర్ ఇచ్చిన కంపెనీ హెచ్ఆర్‌కు కూడా ఈ వారమే మెయిల్ పెట్టు. జాయినింగ్ ఎప్పుడని ఒక్కటే అడిగి ఊరుకోకు, ఈలోపు అప్రెంటిస్‌గా చేరితే మీకు అభ్యంతరమా అని కూడా అడుగు. జవాబు వస్తే దాచిపెట్టుకో. రెండు వారాలైనా రాకపోతే ఆ ఆఫర్‌ను నమ్ముకోవడం మానేసి మిగతా దారులు చూసుకో.