మీరడిగారు: బీజీ (బ్యాంకు గ్యారంటీ) బదులు ష్యూరిటీ బాండు పెడితే సరిపోతాదా?

ప్రశ్న: సార్, మాది కావలి. ఇన్నాళ్ళూ సీసీ రోడ్లు, సైడు కాలవలు చేసుకుంటా వచ్చా, ఈసారి కేంద్రం వాళ్ళ డిపార్ట్‌మెంట్‌లో 4 కోట్ల వర్కుకి ఎల్-1 (అందరికన్నా తక్కువ రేటు మాదే) వచ్చింది. పని సరిగ్గా పూర్తి చేస్తాం అనేదానికి పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీ 5 శాతం, అంటే 20 లక్షలు పెట్టమన్నారు. బ్యాంకులో బీజీ అడిగితే మీకు లిమిట్ లేదు, మొత్తానికీ ఎఫ్‌డీ వేసి లియన్ (బీజీ తీరేదాకా ఆ డబ్బు తియ్యకుండా బ్యాంకు పట్టు) పెట్టుకోండి అంటా ఉండారు. ఆ డబ్బు అక్కడ ఇరుక్కుంటే సిమెంటు దేంతో కొనేది, శనివారం కూలీలకి ఏమిచ్చేది? మా ఫ్రెండు ఒకడు ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర ష్యూరిటీ బాండు తీసుకో, ప్రీమియం కడితే చాలు, రేపు తేడా వస్తే వాళ్ళే కట్టుకుంటారు అన్నాడు. నిజమేనా?

జవాబు: మీ ఫ్రెండు చెప్పినదాంట్లో మొదటి ముక్క నిజమే, బ్యాంకు గ్యారంటీ బదులు బాండు పెట్టొచ్చు. ఆ రెండో ముక్క ఉంది చూశారా, వాళ్ళే కట్టుకుంటారు అనేది, అది నమ్మితే కొంప కొల్లేరు అవతాది.

ఇన్సూరెన్స్ కంపెనీ ఇస్తాది కాబట్టి జనం దీన్ని లారీ ఇన్సూరెన్స్ లాంటిది అనుకుంటారు. లారీ గుద్దుకుంటే కంపెనీ డబ్బిస్తాది, మళ్ళీ మీ దగ్గరికొచ్చి అది వెనక్కి ఇయ్యి అనదు. ఇక్కడ అట్లా కాదు. ఇది మన ఊళ్ళల్లో ఎప్పుడూ ఉండే జామీనే. సంతలో ఎద్దుల జత బేరం కుదిరి చేతిలో సగమే ఉంటే పక్కనోడు "మిగతాదానికి నేనుండా" అంటాడే, ఆ మాటకి కాగితం రాసి స్టాంపు వేస్తే ష్యూరిటీ బాండు. 1872 నాటి కాంట్రాక్ట్ యాక్టులో 126వ సెక్షన్‌లో ఉండేది ఇదే, పని చెయ్యాల్సినోడు ఒకడు, చేయించుకునేవాడు ఒకడు, మధ్యలో పూచీ పడ్డోడు ఒకడు. మీరు పని ఎగ్గొడితే పూచీ పడ్డోడు డిపార్ట్‌మెంట్‌కి కడతాడు, కట్టి ఆ కాగితం పట్టుకోని మీ ఇంటికొస్తాడు. 145వ సెక్షన్ ప్రకారం ఆ డబ్బు మీ దగ్గర వసూలు చేసుకునే హక్కు వాడికుంది, అది చాలదని బాండు ఇచ్చేటప్పుడే ఇండెమ్నిటీ అగ్రిమెంట్ (కంపెనీకి అయిన నష్టం మేం భరిస్తాం అనే ఒప్పందం) మీద మీ చేత, మీ పార్ట్‌నర్ల చేత సంతకాలు పెట్టించుకుంటారు. మీరు కట్టే ప్రీమియం ఆ 20 లక్షలు మాఫీ చేసేదానికి కాదు, వాళ్ళ పేరు వాడుకున్నందుకు ఇచ్చే కూలి.

ఇది మన దేశంలో మొన్న మొన్న వచ్చిందే. 2022 ఫిబ్రవరిలో కేంద్రం జీఎఫ్ఆర్‌ని (కేంద్రం ఆఫీసుల ఖర్చులకీ కొనుగోళ్ళకీ ఉండే రూల్స్) సవరించి బిడ్ సెక్యూరిటీకీ (టెండరు వేసేటప్పుడు పెట్టేది), పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీకీ ఇన్సూరెన్స్ ష్యూరిటీ బాండు ఒప్పుకోవచ్చు అని రాసింది, ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ గైడ్‌లైన్స్ ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చాయి, మొదటి బాండు ప్రోడక్టు డిసెంబర్‌లో మార్కెట్లోకొచ్చింది. అయితే జీఎఫ్ఆర్ కేంద్రం ఆఫీసులకి. రాష్ట్రం ఇరిగేషను, ఆర్ అండ్ బీ వాళ్ళు నడిచేది వాళ్ళ జీఓల మీద. మీ వర్కు కేంద్రానిదే అయినా సరే టెండర్ డాక్యుమెంట్‌లో సెక్యూరిటీ క్లాజు తీసి "ఇన్సూరెన్స్ ష్యూరిటీ బాండ్" అనే మాట అచ్చులో ఉందో లేదో చూడండి. లేకపోతే రాతపూర్వకంగా ఒక లెటరు పెట్టి అడగండి, అక్కడి ఇంజనీరు డీఈ గారు నోటితో "పెట్టుకోబ్బయా ఏం కాదు" అన్నాడని ప్రీమియం కట్టేస్తే రేపు ఆడిట్‌లో ఆయన గమ్మునుంటాడు, ఇరుక్కునేది మీరు.

ఇక లెక్క. మీ 20 లక్షలు ఎఫ్‌డీలో పెడితే 7 శాతం వడ్డీ వస్తాది అనుకుందాం, ఏడాదికి 1,40,000. అదే 20 లక్షలు పనిలో తిప్పేదానికి బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి 40,000, ఏడాదికి 4,80,000. అంటే ఎఫ్‌డీ ఇరుక్కున్నందుకు ఏడాదికి 3,40,000 పోతా ఉంది, బీజీ కమీషను దానిమీద వేరే. బాండు ప్రీమియం 2.5 శాతం చెప్పారనుకోండి (ఇది మాట వరసకి, మీ బ్యాలెన్స్ షీటు చూసి రేటు చెప్తారు, అందరికీ ఒకటే ఉండదు), 50,000 ప్రీమియం, 18 శాతం జీఎస్‌టీ 9,000, మొత్తం 59,000. చూస్తే నోరూరుతాది. కానీ ఆ లెక్క ఏడాదికి మాత్రమే. కేంద్రం రూలు ప్రకారం సెక్యూరిటీ మీ బాధ్యతలన్నీ అయిపోయాక ఇంకో 60 రోజులు బతికుండాలి, డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ (పని అయ్యాక లోపాలొస్తే మీరే బాగుచెయ్యాల్సిన కాలం) కూడా అందులోనే. ఏడాది పని, ఏడాది డిఫెక్ట్ లయబిలిటీ అనుకున్నా రెండేళ్ళ రెండు నెలలు, ప్రీమియం అన్నాళ్ళకీ అడుగుతారు. అయినా బాండే చవక. ఇచ్చేవాళ్ళు దొరికితే తీసుకోండి అనే నేను చెప్తా.

దొరకడం దగ్గరే ఉంది తిరకాసు. మూడేళ్ళ ఆడిటెడ్ బ్యాలెన్స్ షీట్లు, ఐటీ రిటర్నులు, ఇంతకు ముందు పూర్తి చేసిన పనుల సర్టిఫికెట్లు, ఇప్పుడు చేతిలో ఎన్ని పనులున్నాయి, మెషినరీ సొంతమా అద్దెదా, ఎక్కడన్నా కేసులున్నాయా, ఇవన్నీ అడుగుతారు. మనోళ్ళు చాలామంది టాక్సు తగ్గించుకునేదానికి పుస్తకాల్లో లాభం ఆవగింజంత చూపిస్తారు, ఇప్పుడు ఆ ఆవగింజని చూసి బాండు ఇయ్యమంటే ఎవుడిస్తాడు? కొత్త కాంట్రాక్టర్ల దగ్గర కొంత ఎఫ్‌డీయో ఆస్తి కాగితాలో అడిగినా ఆశ్చర్యపోకండి. 100 శాతం అడిగే బ్యాంకు కన్నా 20 శాతం అడిగే కంపెనీ మేలే కదా.

బాండు చేతికొచ్చినాక కూడా కళ్ళు తెరుచుకోనే ఉండాలి. అందులో "ఆన్ డిమాండ్" అని ఉంటే డిపార్ట్‌మెంట్ లెటరు రాసిన వెంటనే కంపెనీ కట్టాల్సిందే, తప్పు మీదా, సైటు అప్పగించనోళ్ళదా అని విచారణ చెయ్యరు. కోర్టుకి పోయి ఆపుదామంటే కష్టం, బీజీల విషయంలో సుప్రీంకోర్టు ఎప్పట్నుంచో చెప్తా ఉండేది ఒకటే, పచ్చి మోసం అయినా ఉండాలి, మళ్ళీ పూడ్చలేని అన్యాయం అయినా జరగాలి, అప్పుడే స్టే. ఆన్ డిమాండ్ అని రాసిన బాండుకి కూడా అదే ఎదురవతాది అనుకోనే ఉండండి. బిల్లులు రాలేదు, ఇసుక దొరకలేదు అనే గోడు తర్వాత ఆర్బిట్రేషన్‌లో చెప్పుకోవాల్సిందే.

ఇంకోటి, డేటు. నేను చాన్నాళ్ళు ఒక కాంట్రాక్టరు దగ్గర లెక్కలు చూశా. 2021 నవంబర్లో పెన్నా పొంగి కోవూరు దగ్గర హైవే తెగి, పడుగుపాడు దగ్గర రైళ్ళు ఆగిపోయాయి గుర్తుందా, సరిగ్గా ఆ నెలాఖరుకి మా బీజీ ఎక్స్‌పైరీ. వానకి పని నిలబడి పోయింది, గడువు పొడిగించమని పెట్టిన ఈఓటీ ఫైలు ఇంజనీరు (ఈఈ) ఆఫీసులో పడుంది, ఆ లోపు డిపార్ట్‌మెంట్ నుంచి బ్యాంకుకి ఒక లెటరు పోయింది, పొడిగించండి లేకపోతే డబ్బు కట్టండి అని. బ్యాంకు వాళ్ళు ఎక్స్‌టెన్షన్ చేస్తాం, స్టాంపు పేపరు తెమ్మన్నారు. స్టాంపు వెండరు ఇంట్లోకి నీళ్ళొచ్చి కట్టలన్నీ తడిసిపోతే అవన్నీ మంచం మీద ఆరేసి ఉండాయి! అందులోంచే కాస్త పొడిగా ఉన్న ఒక 100 రూపాయల కాగితం ఏరుకోని, చొక్కా లోపల పెట్టుకోని స్కూటర్ మీద పోయా. 29వ తేదీ సాయంత్రానికి సంతకం అయింది. బాండు అయినా కథ ఇదే. మనకి గట్టి వానలు పడేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, కాబట్టి ఎక్స్‌పైరీ ఆ నెలల్లో పడకుండా మొదట్లోనే చూసుకోండి.

పని పెరిగినా, డిజైన్ మారినా, గడువు పొడిగించినా కంపెనీకి లెటరు పెట్టి ఎండార్స్‌మెంట్ (మార్పుకి ఒప్పుకుంటూ బాండుకి జత చేసే కాగితం) తీసుకోండి. పూచీ పడ్డోడికి చెప్పకుండా అగ్రిమెంట్ మారిస్తే ఆ తర్వాత జరిగేదానికి వాడి బాధ్యత పోతాది అని 133వ సెక్షన్. వాడు తప్పుకుంటే డిపార్ట్‌మెంట్ మీ పీకమీద కూర్చోని కొత్త సెక్యూరిటీ అడుగుతాది.

ప్రశ్న: మాది చీమకుర్తి. మా ఆయనా మా మరిదీ కలిసి బిల్డింగ్ కాంట్రాక్టులు చేస్తారు, పేరుకి నేను కూడా ఫర్మ్‌లో పార్ట్‌నర్ని. "ఇది ఉట్టి ఫార్మాలిటీ, బాండు ఉంది కదా వదినా, ఏం జరిగినా ఇన్సూరెన్స్ వాళ్ళే చూసుకుంటారు, ఇక్కడ సంతకం పెట్టు" అని మా మరిది ఒక కాగితాల కట్ట తెచ్చాడు. ఇంగ్లీషులో 14 పేజీలుంది. పెట్టమంటారా?

జవాబు: అమ్మా, ఆ కట్ట పైన ఇండెమ్నిటీ అగ్రిమెంట్ అని ఉందేమో చూడండి. ఉంటే అది ఫార్మాలిటీ కాదు, మొత్తం వ్యవహారంలో అసలు కాగితం అదే. పై జవాబు చదివారు కదా, కంపెనీ కట్టిందంతా వెనక్కి రాబట్టుకునేది దీంతోనే. "జాయింట్లీ అండ్ సెవరల్లీ" అని రాసుంటాది, దానర్థం మీ ముగ్గురిలో ఎవరి దగ్గరైనా మొత్తం వసూలు చేసుకోవచ్చు అని, మూడో వంతు కాదు. మీ మరిది చేతులెత్తేస్తే మీ పేరు మీదున్న ఇంటికి కూడా రావచ్చు. పార్ట్‌నర్ కాబట్టి 1932 పార్ట్‌నర్‌షిప్ యాక్టు ప్రకారం ఫర్మ్ బాకీలకి మీరు ఎట్లాగూ బాధ్యులే, ఆ సంగతి మీకెవరూ చెప్పి ఉండరు.

పెట్టొద్దు అని నేను అనను, కుటుంబ వ్యాపారం కదా. కానీ కాగితాలు రెండ్రోజులు మీ దగ్గర పెట్టుకోండి, తెలిసిన లాయరు చేత చదివించండి. ఏ వర్కు, బాండు ఎంతకి, ఎప్పటిదాకా, ఈ మూడు రాయించుకోండి. కొన్ని అగ్రిమెంట్లలో ఇకముందు తీసుకునే బాండ్లన్నిటికీ ఇదే వర్తిస్తాది అని ఒక లైను ఉంటాది, అది కొట్టేయించండి. మీ మరిది మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీండి.

ప్రశ్న: అన్నా, పొదిలి దగ్గర మాకు చిన్న క్రషర్ ఉంది. ఒక కాంట్రాక్టరుకి 40 టిప్పర్ల కంకర తోలా, ఆర్నెల్లయింది, డబ్బు లేదు. ఆయన డిపార్ట్‌మెంట్‌కి బాండు పెట్టాడంట, దాంట్లోంచి నా డబ్బు రాబట్టుకోవచ్చా?

జవాబు: కుదరదు తమ్ముడూ. ఆ బాండు డిపార్ట్‌మెంట్ పేరు మీదుంటాది, క్లెయిమ్ చేసే హక్కు వాళ్ళదే. అమెరికాలో 1935లో మిల్లర్ యాక్ట్ అని తెచ్చారు, అక్కడి ఫెడరల్ పెద్ద పనులకి కాంట్రాక్టరు రెండు బాండ్లు పెట్టాలి, ఒకటి పని పూర్తి చేస్తా అని, రెండోది కూలీలకీ సరుకు తోలినోళ్ళకీ డబ్బు కడతా అని. మనకి ఆ రెండోది తప్పనిసరి చెయ్యలా, చేస్తే నీలాంటోళ్ళు సగంమంది బయటపడతారు.

నీకు చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంటే మాత్రం దారుంది. 2006 ఎంఎస్ఎంఈడీ యాక్టు ప్రకారం అగ్రిమెంట్‌లో ఏం రాసుకున్నా నీకు డబ్బు కట్టడం 45 రోజులు దాటకూడదు, దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడింతల వడ్డీ, అదీ నెల నెలా చక్రవడ్డీ. ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో కంప్లయింట్ వేస్తే ఇట్లాంటి బాకీ తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి పోతాది. ఇన్వాయిస్‌లు, వేబిల్లులు, సైటులో దించుకున్నట్టు సంతకం పెట్టిన చీటీలు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకో. ఉద్యం సర్టిఫికెట్ మీద తేదీ నువ్వు కంకర తోలిన తేదీ కన్నా ముందుదై ఉండాలి, మొదట అది చూసుకోనే వెయ్యి.