కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకు పొడగరి ఆటగాణ్ణి ఎంచుకోవడం ఎందుకంత కష్టం?

అమెరికా కాలేజీ జట్లకు మంచి సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడగరి ఆటగాడు) దొరకడం కష్టం కావడానికి కారణం పొడవైన కుర్రాళ్లు బొత్తిగా లేకపోవడం మాత్రమే కాదు, పదిహేడేళ్ల వయసులో వారి ఆట ఇంకా పరిపక్వతకు రాకపోవడం.

పొట్టివాడైన గార్డు (బుట్టకు దూరంగా ఉండి ఆటను నడిపే ఆటగాడు) చిన్నప్పటి నుంచే బంతిని అదుపులో ఉంచుతూ ఆడతాడు కనుక హైస్కూలు నాటికే అతని నైపుణ్యం కళ్లకు కడుతుంది. పొడగరి విషయం వేరు: ఎత్తు వేగంగా పెరిగే ఏళ్లలో కండబలమూ కాళ్ల కదలికా వెనకబడతాయి, పైగా చాలామంది ఈ ఆటలోకి ఆలస్యంగా వస్తారు. ఎత్తులో సరిజోడైన ప్రత్యర్థులు లేని హైస్కూలు మ్యాచ్‌లలో బుట్ట దగ్గర నిలబడి పాయింట్లు చేసినవాడు, కాలేజీలో ప్రత్యర్థి జట్టులో ఒకడు అడ్డుగా నిలిచి వెంటనే బుట్టవైపు దూసుకెళ్లే పిక్ అండ్ రోల్‌ను ఎదుర్కొంటూ చురుకైన గార్డు వెంట పక్కకు కదలగలడో లేదో ముందుగా చెప్పడం శిక్షకులకు నిజంగానే కష్టం.

పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఆడిన జాక్ ఈడీనే చూడండి. 7 అడుగుల 4 అంగుళాల ఈ టొరంటో యువకుడు బాల్యంలో హాకీ, బేస్‌బాల్ ఆడి, బాస్కెట్‌బాల్‌లోకి ఆలస్యంగా వచ్చాడు. 2020లో కాలేజీలో చేరేనాటికి హైస్కూలు ర్యాంకింగుల్లో తొలి నాలుగు వందల మందిలోనూ లేడు. శిక్షకుడు మ్యాట్ పెయింటర్ ఓపికగా తీర్చిదిద్దగా, 2023, 2024లలో వరుసగా దేశపు ఉత్తమ కాలేజీ ఆటగాడిగా నిలిచాడు.

ఎత్తు ఉంటే చాలు, మిగతాదంతా నేర్పవచ్చు అన్నది చాలామందిలో ఉన్న అపోహ. బుట్ట కింద స్థానం సంపాదించే ఎత్తుగడలు నేర్పవచ్చు గాని, బంతిని ఒడిసిపట్టే చేతులు, త్వరగా అలసిపోని శరీరం లేనివాడికి ఎంత ఎత్తున్నా ఆడే నిమిషాలు పెరగవు.